పందెం ఆగిన చోట



పోయిన నెలలో ఒక రాత్రి ఆదివారం ప్రసంగానికి వాక్యం సిద్ధపడుతుంటే, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఫోను పట్టుకుని వచ్చాడు. "డాడీ, ఇందులో ఒకాయన ఇంగ్లండు రాజకుమారుడు. ఎవరో చెప్పుకోండి చూద్దాం" అన్నాడు. చూశాను. తెల్లటి మంచు, దాని మీద వరుసగా నడుస్తున్న మనుషులు. ప్రతివాడి నడుముకు తాడు, తాడు చివర ఒక మంచుబండి. ముఖాలకు ముసుగులు, కళ్లకు పెద్ద నల్లద్దాలు, తల మీద టోపీలు. ఒకరికీ ఇంకొకరికీ తేడా లేదు. నేను ఒకరిని చూపిస్తే మావాడు నవ్వాడు. "మీరు చూపించింది ఆయన కాదు డాడీ."

"సరే, ఎవరు గెలిచారు?" అని అడిగాను.

"ఎవరూ గెలవలేదు. మధ్యలో పందెం ఆపేశారు."

"మరి ఎందుకు పెట్టినట్లు?"

వాడు భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ రాత్రి ప్రసంగం పక్కన పెట్టి ఆ పందెం సంగతి చదువుతూ కూర్చున్నాను. ఆ తర్వాత కొన్ని రోజులూ చదివాను. చదివేకొద్దీ అది నా సంగతే చెబుతోందని అర్థమైంది. ఎందుకో చివర చెబుతాను. ముందు అక్కడ ఏం జరిగిందో వినండి.

అది 2013వ సంవత్సరం. ఇంగ్లండులో, యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం పనిచేసే "వాకింగ్ విత్ ది వూండెడ్" అనే సంస్థ ఉంది. ఎడ్ పార్కర్, సైమన్ డాగ్లిష్ అనే ఇద్దరు 2010లో దాన్ని మొదలుపెట్టారు. పార్కర్ గారి సొంత సోదరుని కొడుకు ఆఫ్ఘనిస్తాన్‌లో రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. కాళ్లూ చేతులూ పోయి ఇంటికి వచ్చిన సైనికులు మళ్లీ ఉద్యోగం చేసుకుని, తలెత్తుకుని బతకగలరని లోకానికి చూపించాలని వారి తపన. 2011లో నలుగురు గాయపడిన సైనికులను ఉత్తర ధ్రువానికి నడిపించారు. 2013లో దక్షిణ ధ్రువానికి మూడు జట్లతో పందెం పెట్టారు. ఒక జట్టు బ్రిటన్‌ది, ఒకటి అమెరికాది, మూడోది కెనడా, ఆస్ట్రేలియా వాళ్లు కలిసిన కామన్‌వెల్త్ జట్టు.

ఒక్కో జట్టులో నలుగురు గాయపడిన సైనికులు, దారి తెలిసిన గైడ్లు. జనం చూపు పడాలని, విరాళాలు రావాలని పేరున్నవాళ్లను కూడా చేర్చారు. బ్రిటన్ జట్టులో ప్రిన్స్ హ్యారీ. కామన్‌వెల్త్ జట్టుతో డామినిక్ వెస్ట్ అనే ఇంగ్లీషు నటుడు. అమెరికా జట్టుతో అలెగ్జాండర్ స్కార్స్‌గార్డ్ అనే స్వీడన్ నటుడు. పత్రికలన్నీ ఈ ముగ్గురి గురించే రాశాయి. మన దగ్గరైనా అంతే కదా. సువార్త కూటాలకు పోస్టరు వేస్తే పేరున్న వర్తమానికుడి ఫొటో పెద్దగా వేస్తాం. మూడు రోజులు వంట చేసిన అక్కల పేర్లు ఎక్కడా ఉండవు.

దూరం సుమారు 335 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు విజయవాడ నుంచి విశాఖపట్నం. కాని రోడ్డు లేదు, చెట్టు లేదు, నీడ లేదు. చలి మైనస్ 35 డిగ్రీలకు దిగిపోతుంది. మన ఇళ్లలో ఫ్రిజ్ పైఅరలో నీళ్లను గడ్డకట్టించే చలి మైనస్ 18 దగ్గర ఉంటుంది. ఇది దానికంటే చాలా కింద, పైగా గాలి. దక్షిణ ధ్రువం సముద్రమట్టానికి 2,800 మీటర్ల పైన ఉంది. అరకు లోయకు మూడు రెట్ల ఎత్తు. ఊపిరి సరిగా అందదు. డిసెంబరులో అక్కడ సూర్యుడు అస్తమించడు. మనం ఇక్కడ ఇంటింటికీ క్రిస్మస్ నక్షత్రాలు వేలాడదీసే నెలలో అక్కడ ఆకాశంలో ఒక్క నక్షత్రం కనబడదు.

ఒక్కొక్కరు లాగే బండి బరువు 70 కిలోలకు పైగా ఉండేది. గుడారం, తిండి, పొయ్యి, ఇంధనం అన్నీ అందులోనే. నేల చదునుగా కూడా ఉండదు. గాలి మంచును కోసి కోసి గట్లు గట్లుగా నిలబెడుతుంది. దుక్కి దున్ని వదిలేసిన నల్లరేగడి చేలో, ఎండి రాయైపోయిన మట్టిగడ్డల మీద, వెనక ఒక బస్తా లాక్కుంటూ నడవడం ఊహించుకోండి. ఆ గడ్డలు కొన్నిచోట్ల మోకాలి ఎత్తు, కొన్నిచోట్ల ఇంకా ఎత్తు.

ఇప్పుడు అసలు మనుషుల గురించి చెప్పాలి. బ్రిటన్ జట్టులో డంకన్ స్లేటర్ ఉన్నాడు. 2009లో ఆఫ్ఘనిస్తాన్‌లో ఆయన వాహనం కింద బాంబు పేలింది. రెండు కాళ్లూ తీసేశారు. కృత్రిమ కాళ్లతోనే వచ్చాడు. అదే జట్టులో కేట్ ఫిల్ప్ అనే సహోదరి. 2008లో ఆఫ్ఘనిస్తాన్‌లోనే ఒక కాలు పోగొట్టుకుంది. అమెరికా జట్టులో ఐవన్ క్యాస్ట్రో. 2006లో ఇరాక్‌లో మోర్టారు గుండు పేలి రెండు కళ్లూ పోయాయి. గుడ్డివాడై, ఆ మంచు గట్ల మీద స్కీలు కట్టుకుని నడిచాడు.

కృత్రిమ కాలు పెట్టుకునేవారు మన సంఘంలోనూ ఉన్నారు కాబట్టి మీకు తెలుసు. కాలు మొండెం ఒక్కోరోజు వాస్తుంది, ఒక్కోరోజు తగ్గుతుంది. తొడుగు సరిగా కూర్చోకపోతే చర్మం ఒరుసుకుపోతుంది. ఇక్కడ మన ఎండలోనే ఆ బాధ ఉంటే, గంటల తరబడి నడిచి, చెమట పట్టి, ఆ చెమట గడ్డకట్టే చోట ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ మంచులో నడిచేవారు పాటించే పద్ధతులు మూడు చదివాను. ఆ మూడూ నాకు వాక్యంలాగే వినిపించాయి.

మొదటిది చెమట. అక్కడ వేగంగా నడవడం ప్రమాదం. వేగంగా నడిస్తే చెమట పడుతుంది. ఆగగానే ఆ చెమట బట్టల్లోనే గడ్డకట్టి ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒంటికి చెమట పట్టనంత నిదానంగా, ఆగకుండా నడుస్తారు. చలికి చచ్చిపోతామేమో అని పరిగెత్తినవాడు ఆ పరుగు వల్లనే చావుకు దగ్గరవుతాడు.

రెండోది బరువు. ఒకరు అలసిపోతే ఆ మనిషిని తిట్టరు, వదిలేయరు. ఆయన బండిలోని సామాను కొంత తీసి బలమున్నవారి బండిలో వేస్తారు. జట్టు వేగం అంటే అందరికంటే వెనకున్నవాడి వేగమే. అందుకే బలవంతుడు తన బలం చూపించుకునే దారి ఒక్కటే, ఎక్కువ బరువు లాగడం. ముందుకు పరుగెత్తి ఏం లాభం? గుడారం వెనకవాడి బండిలో ఉంటుంది.

మూడోది ముఖం. మంచుకాటు అంటే చలికి చర్మం, లోపలి కండ గడ్డకట్టి చచ్చిపోవడం. ముక్కు మీదా చెంప మీదా ముందు తెల్లటి మచ్చగా వస్తుంది. విచిత్రం ఏమిటంటే, వచ్చినవాడికి తెలియదు. మొదట కొంచెం మంట ఉన్నా తర్వాత స్పర్శ పోతుంది కాబట్టి నొప్పి ఉండదు. తన ముఖం తనకు కనబడదు. అందుకని ఆగిన ప్రతిసారీ ఒకరి ముఖం ఇంకొకరు చూడాలి. "నీ చెంప తెల్లబడింది" అని పక్కవాడు చెప్పాలి. చెప్పించుకున్నవాడు "నాకేం కాలేదు" అనకూడదు. వెంటనే చెయ్యి పెట్టి కాచుకోవాలి.

ఈ మూడోదాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

పందెం మొదలైంది. మూడు జట్లూ విడివిడిగా మంచులోకి బయలుదేరాయి. రోజుకు 15, 20 కిలోమీటర్లు నడవాలని లెక్క. కొద్ది రోజులకే సంగతి తేలిపోయింది. నేల అనుకున్నదానికంటే కఠినంగా ఉంది. జట్లు పందెంలో ఉన్నాయి కాబట్టి ఎవరూ వేగం తగ్గించడం లేదు. అందరూ శక్తికి మించి లాగుతున్నారు. గాయపడిన శరీరాలు, అయినా ఒక్కరూ ఆగుదామని అనరు. సైనికులు కదా, వారికి ఆగడం నేర్పలేదు.

డిసెంబరు 7వ తేదీన ఎడ్ పార్కర్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. పందెం ఆపేశాడు. ప్రయాణం ఆపలేదు. ఇక పోటీ లేదు, మూడు జట్లూ ఒకే గుంపుగా నడుస్తాయి అన్నాడు. మధ్యలో కొంత దూరం వాహనాల మీద ముందుకు తీసుకువెళ్లి, ధ్రువానికి సుమారు 110 కిలోమీటర్ల దగ్గర నుంచి అందరినీ కలిపి నడిపించారు.

ఆయన స్థానంలో ఉండి ఆలోచించండి. ఎంతో సిద్ధపాటు. బ్రిటన్ జట్టు అంతకుముందు సెప్టెంబరులో, మైనస్ 35 డిగ్రీల శీతల గదిలో దాదాపు ఒక రోజంతా గడిపి మరీ తర్ఫీదు తీసుకుంది. డబ్బిచ్చిన కంపెనీలు ఉన్నాయి. టీవీ కెమెరాలు తిరుగుతున్నాయి. రాజకుమారుడు ఉన్నాడు. ప్రపంచమంతా ఎవరు గెలుస్తారని చూస్తోంది. ఆ సమయంలో "పందెం లేదు" అనడానికి ధైర్యం కావాలి. వాహనం ఎక్కించారు కదా, అది నడక ఎలా అవుతుందని ఎగతాళి చేసేవారూ ఉంటారు. ఆ మాట పడడానికి కూడా ఆయన సిద్ధపడ్డాడు. మనం ఎందుకు వచ్చాం? పందెం గెలవడానికా, గాయపడినవాళ్లను గమ్యం చేర్చడానికా? ఈ ప్రశ్నకు జవాబు గుర్తున్నవాడే ఆ పని చేయగలడు.

డిసెంబరు 13న వారందరూ కలిసి దక్షిణ ధ్రువం చేరారు. పన్నెండుమంది గాయపడిన సైనికులు, ఒక్కరు కూడా తప్పిపోకుండా. కాళ్లు లేని స్లేటర్, కళ్లు లేని క్యాస్ట్రో, కేట్ ఫిల్ప్, వారితోపాటు రాజకుమారుడు, నటులు. ముందు ఎవరు, వెనక ఎవరు అనే లెక్క లేదు.

దీని వెనక ఒక పాత పందెం ఉంది. 1911లో నార్వేవాడు అముండ్‌సెన్, ఇంగ్లండువాడు స్కాట్ ఇదే ధ్రువం కోసం పోటీపడ్డారు. అముండ్‌సెన్ 1911 డిసెంబరు 14న ముందు చేరాడు. స్కాట్ 1912 జనవరి 17న వెళ్లేసరికి అక్కడ నార్వే జెండా ఎగురుతోంది. తిరుగుదారిలో స్కాట్, ఆయనతో ఉన్న నలుగురూ చనిపోయారు. మొదట ఎవాన్స్. తర్వాత ఓట్స్, పాదాలు మంచుకాటుకు పాడైపోయి, తన వల్ల మిగతావాళ్లు ఆలస్యమైపోతున్నారని గుడారం విడిచి తుఫానులోకి నడిచి వెళ్లిపోయాడు. ఆ మనిషి త్యాగం గొప్పదే. కాని నెమ్మదిగా నడిచేవాడు "నేను మీకు భారం" అనుకుని తనంతట తానే బయటికి వెళ్లిపోవడం ఎంత బాధాకరం! 102 ఏళ్లకు ఒక్క రోజు తక్కువగా అదే చోటికి చేరిన ఈ గుంపులో, నేను భారం అని ఎవరూ బయటికి వెళ్లవలసిన పని పడలేదు.

ఇంకో మాట. ఈ రోజు దక్షిణ ధ్రువం దగ్గర అమెరికావాళ్ల పరిశోధన కేంద్రం ఉంది. దాని పేరు అముండ్‌సెన్-స్కాట్ కేంద్రం. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే బోర్డు మీద ఉన్నారు.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయాలా వద్దా అని వారం రోజులు ప్రార్థించాను. మా సంఘస్థులు కొందరికి ఇప్పటికే తెలుసు. తెలియనివారు నా నోటనే వినడం మంచిది.

పోయిన డిసెంబరులో మన క్యారల్స్ గుర్తుందా? మన సంఘంవాళ్లం వెళ్లే పల్లెలకే పక్క ఊరి సంఘం యవనస్థులు కూడా వస్తారు. అంతకుముందు సంవత్సరం వారు మనకంటే ముందు వెళ్లిపోయారు. మనం వెళ్లేసరికి సగం ఇళ్లలో దీపాలు ఆర్పి పడుకున్నారు. అది నా మనసులో పడిపోయింది. ఈసారి మనమే ముందుండాలని పట్టుబట్టాను. ఒక్క రాత్రిలో నలభై ఇళ్లు అని లెక్క వేశాను. పైకి "సువార్త అందరికీ అందాలి" అన్నాను. లోపల ఉన్నది వేరు. ఆ సంఘ కాపరి, నేను ఒకే బైబిలు కళాశాలలో చదువుకున్నాం. ఆయన మందిరానికి స్లాబు పడింది, మనది ఇంకా రేకుల షెడ్డే. ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

మన సంఘంలో డోలక్ వాయించే తమ్ముడు ఒకరున్నారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. నడుస్తారు, కాని నిదానం. పదకొండేళ్లుగా ప్రతి క్యారల్స్‌కీ మెడలో డోలక్ వేసుకుని వచ్చిన మనిషి. ఆ రాత్రి ఆరో ఇంటి దగ్గరకు వచ్చేసరికి ఆయన చాలా వెనకబడ్డారు. ఆయన కోసం రెండుసార్లు ఆగాం. మూడోసారి నేను వెనక్కి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అన్నాను. "తమ్ముడూ, నీకు కష్టంగా ఉంది. చలి కూడా ఎక్కువగా ఉంది. నువ్వు ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకో. డోలక్ మన పిల్లలు వాయిస్తారులే."

ఆయన ఏమీ అనలేదు. డోలక్ తీసి ఇచ్చారు. మేం నలభై ఇళ్లూ పూర్తి చేశాం. ఆ ఆదివారం నేను పుల్పిట్ మీద నుంచి "నలభై ఇళ్లు, దేవునికి స్తోత్రం" అని చెబితే మీరందరూ చప్పట్లు కొట్టారు.

ఫిబ్రవరిలో నా భార్య ఒక మాట అంది. "ఏమండీ, ఆ తమ్ముడు ఇప్పుడు తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చుంటున్నాడు. ఆశీర్వాదం అవకముందే లేచి వెళ్లిపోతున్నాడు. డోలక్ ముట్టుకోవడం లేదు. మీరు చూశారా?" నేను చూడలేదు. మనకు కొత్తగా కీబోర్డు వచ్చింది కదా, డోలక్ లేని లోటు నా చెవికి తెలియలేదు. "పొలం పనులుంటాయిలే" అన్నాను. ఆమె ఇంకోసారి చెప్పింది, వేసవిలో. "నాకు తెలుసులే" అన్నాను.

ముఖం మీద తెల్ల మచ్చ వచ్చినవాడికి నొప్పి ఉండదని చదివినప్పుడు నాకు మా ఇంటిదే గుర్తొచ్చింది. దేవుడు నా పక్కన నడవడానికి ఇచ్చిన మనిషి నా ముఖం చూసి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ నాకేం కాలేదన్నాను. తొమ్మిది నెలలు అలాగే ప్రసంగాలు చేశాను, బల్ల ఇచ్చాను.

ఆ రాత్రి ఆదికాండము ముప్పై మూడో అధ్యాయం తీశాను. ఏశావు నాలుగువందల మందితో ఎదురొచ్చి, తమ్ముణ్ణి కౌగిలించుకుని, కలిసి వెళ్దాం పద అంటాడు. మంచి మాటే. కాని యాకోబు ఒప్పుకోడు. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చే గొర్రెలూ పశువులూ ఉన్నాయి, ఒక్క రోజు వడిగా తోలితే మంద అంతా చచ్చిపోతుంది, నువ్వు ముందు వెళ్లు, నేను ఈ పిల్లలు నడవగలిగినంత మెల్లగా వస్తాను అంటాడు. ఏశావుది దండు నడక. యాకోబుది మంద నడక. ఇన్నేళ్లుగా ఈ భాగం చదువుతూ నేను గమనించని సంగతి ఒకటుంది. దానికి ముందు రాత్రే యాకోబు దేవునితో పెనుగులాడాడు. తొడగూడు వసిలింది. ఆ మాట అనేటప్పుడు యాకోబు తానే కుంటుతున్నాడు. కుంటేవాడికే మంద నడక ఎంతో తెలిసింది.

మీలో కొందరు అడగవచ్చు. "అయ్యగారూ, పౌలు భక్తుడు పరుగు పందెం గురించే చెప్పాడు కదా, బహుమానం పొందేలా పరుగెత్తమన్నాడు కదా?" నిజమే. నేనూ ఆ వాక్యం మీద చాలా ప్రసంగాలు చేశాను. కాని అదే పౌలు తన పరుగు ముగిసే వేళ తిమోతికి రాసిన రెండో పత్రికలో తన కిరీటం గురించి ఏమన్నాడో చూడండి. అది తనకొక్కడికే కాదు, ప్రభువు రాకను ప్రేమించే అందరికీ అన్నాడు. పక్క సంఘాన్ని ఓడిస్తే వచ్చే కిరీటం గురించి పౌలు ఎక్కడా రాయలేదు. అది నేను కల్పించుకున్నది.

బెసోరు వాగు దగ్గర దావీదు మనుషుల్లో రెండువందలమంది అలసి దాటలేకపోయారు. గెలిచి వచ్చినవాళ్లలో కొందరు, వారికి భాగం ఇవ్వవద్దన్నారు. దావీదు ఒప్పుకోలేదు. సామాను దగ్గర ఆగినవాడికీ యుద్ధానికి వెళ్లినవాడికీ సమాన భాగం అని కట్టడ చేశాడు. నేను ఆ రాత్రి ఆరో ఇంటి దగ్గర ఆ కట్టడ మీరాను.

పది రోజుల కిందట తమ్ముడి ఇంటికి వెళ్లాను. నా భార్య కూడా వచ్చింది. ఆయన వరండాలో కూర్చుని బీడీ ఆకుల చాట పక్కన పెట్టి, కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. పోయిన డిసెంబరు సంగతి ఎత్తి, తప్పు చేశాను, క్షమించమని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు.

"అయ్యగారూ, నా కాలు నాకు ఎప్పుడూ నొప్పి లేదు. నడక నెమ్మది, అంతే. ఆ రాత్రి నాకు కష్టంగా లేదు. మీకు కష్టంగా ఉంది."

దానికి నా దగ్గర జవాబు లేదు. అవునన్నాను.

ప్రార్థన చేసుకున్నాం. లేచి వచ్చేటప్పుడు, ఈ సంవత్సరం క్యారల్స్‌కి రమ్మని అడిగాను. "చూద్దాం అయ్యగారూ" అన్నారు. వస్తానని అనలేదు. ఆ మాట మీద నేను ఒత్తిడి చేయదలచుకోలేదు. తొమ్మిది నెలలు నేను చేసిన ఆలస్యానికి ఆయనకూ కొంత సమయం కావాలి.

కాబట్టి సంఘానికి నా మనవి. వచ్చే వారం నుంచి క్యారల్స్ మొదలవుతాయి. ఈసారి ఒక్క రాత్రిలో నలభై ఇళ్లు వద్దు. నాలుగు రాత్రులు, రాత్రికి పది ఇళ్లు. ముందు నడిచేది యవనస్థులు కాదు. మనలో నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుంటారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, చంటిబిడ్డలున్న తల్లులు, కర్ర పట్టుకునే పెద్దలు. మైకుసెట్టు, బ్యాటరీ, ప్రసాదాల సంచులు యవనస్థులు మోస్తారు. బలమున్నవారికి బరువు, లేనివారికి ముందు స్థానం. పక్క ఊరి సంఘంవాళ్లు మనకంటే ముందే వెళ్లి ఉంటే, ఆ ఇంట్లో అప్పటికే ప్రభువు పుట్టిన వార్త వినబడిందని సంతోషించి మనం కూడా ఒక పాట పాడి వద్దాం. వారి కాపరిగారికి నేను ఫోను చేశాను. ఒక రాత్రి రెండు సంఘాలూ కలిసి వెళ్దామా అని అడిగాను. పెద్దలతో మాట్లాడి చెబుతానన్నారు.

డోలక్ ఎవరూ తీయకండి. అది మందిరంలో, తలుపు పక్కన మేకుకు తగిలించి ఉంది. అక్కడే ఉండనివ్వండి.

ఇంకొకటి. మీ ఇంట్లో ఎవరైనా ఈ మధ్య మీ ముఖం చూసి ఏదైనా చెప్పి ఉంటే, భార్యయినా, భర్తయినా, ఎదిగిన పిల్లలైనా, నాకేం కాలేదని అనకండి. మన ముఖం మనకు కనబడదు. నా మీద కూడా ఆ కన్ను వేసి ఉంచండి. తెల్ల మచ్చ కనబడితే నాకు చెప్పండి. ఈసారి వింటాను.

మా అబ్బాయికి జవాబు బాకీ ఉంది. "మరి ఎందుకు పెట్టినట్లు?" అని నేనే అడిగాను, వాడు భుజాలు ఎగరేశాడు. నిన్న అన్నం తింటూ చెప్పాను. అందరూ చేరడానికి పెట్టారురా, అది మధ్యలో గుర్తొచ్చి పందెం ఆపేశారు అని. వాడు కాసేపు ఆలోచించి, "మీకు కూడా మధ్యలోనే గుర్తొచ్చిందా డాడీ?" అన్నాడు. వాడికి అన్నీ తెలుసు. పాస్టరు పిల్లలకు ఇంట్లో ఏదీ దాగదు.

మెల్లగా నడిచే మనకోసం మెల్లగా నడిచిన ప్రభువు మీకు తోడై ఉండును గాక. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సంఘ కాపరి